నిలబడితే లాగుతుంది, పడుకుంటే తగ్గుతుంది: కోనసీమ కూలి స్త్రీల పొత్తికడుపు నొప్పి గురించి

కోనసీమ పేటల్లో యాభై దాటిన ఆడవాళ్ళని ఒంట్లో ఎలా వుందని అడిగితే ముందు మోకాళ్ళ గురించి చెబుతారు. తర్వాత నడుం. ఇంకాసేపు కూర్చుని, మగవాళ్ళు అవతలికి వెళ్ళాక అడిగితే మూడోది బయటికొస్తుంది. "పొత్తికడుపులో బరువెట్టేసినట్టుంటాదండి." "కిందకి లాగేత్తందండి." "పొద్దున్న బానే వుంటాదండి, సాయంత్రానికి నిలబడలేనండి." ఎన్నాళ్ళనించీ అంటే సంవత్సరాల లెక్క చెప్పరు. ఫలానా పిల్ల పుట్టిన కాణ్ణించి అంటారు, పిల్లల ఆపరేషనయిన కాణ్ణించి అంటారు. అంటే పాతికేళ్ళు, ముప్పయ్యేళ్ళు.

ఈ నొప్పికి చాలా పేర్లున్నాయి. నడుం నొప్పి, గర్భసంచి వాపు, వేడి చేయటం, వయసు. ఎక్కువమంది విషయంలో యీ పేర్లలో ఏదో ఒకటి నిజమే కావచ్చు. కానీ కొంతమంది విషయంలో ఏదీ కాదు. వాళ్ళ నొప్పి సిరల్లోంచి వస్తోంది. కటి భాగంలో, అంటే పొత్తికడుపు అడుగున గర్భసంచి చుట్టూ వుండే సిరలు వదులై, ఉబ్బి, రక్తం పైకి పోకుండా అక్కడే నిలవుండిపోవటం వల్ల వస్తోంది. పిక్కల మీద మెలికలు తిరిగి నీలంగా లేచే సిరలు మనందరికీ తెలుసు. అలాంటివే లోపల, కంటికి కనబడని చోట వుంటాయని మాత్రం మనకెవరూ చెప్పలేదు.

దీన్ని గుర్తు పట్టటానికి మన మాటల్లోనే ఒక చిక్కుంది. రక్తాన్ని గుండెకి తిరిగి తీసుకుపోయే గొట్టాన్ని పుస్తకాల తెలుగులో సిర అంటారు. మెదడుకీ ఒంటికీ మధ్య కబుర్లు మోసేదాన్ని నాడి అనో నరం అనో రాస్తారు. జనం నోట్లో రెండూ నరాలే. చేతి మీద నీలంగా కనబడేదీ నరమే, సెలైను ఎక్కించేదీ నరానికే, పిక్కల మీద ఉబ్బేవీ నరాలే. అందుకని ఓ కూలి మనిషి ఆర్.ఎం.పి. దగ్గరకెళ్ళి "నరాలు లాగేత్తన్నాయండి" అంటే ఆయన 'నరాల బలహీనత' అని అర్థం చేసుకుని బి-కాంప్లెక్సు ఇంజక్షను పొడుస్తాడు. వారానికొకటి, పది ఇంజక్షన్లు. నిజానికి ఆమె చెప్పినదాన్లోనే జబ్బు ఆనవాలుంది. డబ్బు తీసుకున్నాయనకి అది వినబడలేదు.

దళిత పత్రికలో సిరల సంగతి ఏమిటని కొందరికి అనిపించొచ్చు. కారంచేడు (1985), చుండూరు (1991) తర్వాత మనం మన స్త్రీల శరీరం గురించి మాట్లాడిన సందర్భాలు ఎక్కువగా దాడుల సందర్భాలే. దాడికి తేదీ వుంటుంది, ఎఫ్.ఐ.ఆర్. వుంటుంది, ఊరేగింపు వుంటుంది. ముప్పయ్యేళ్ళ పాటు రోజూ సాయంత్రం వచ్చి రాత్రికి తగ్గే నొప్పికి అవేవీ వుండవు. కోనసీమ జిల్లాకి అంబేద్కర్ పేరు పెట్టటాన్ని వ్యతిరేకిస్తూ 2022 మే 24న అమలాపురంలో ఇళ్ళు తగలబెట్టారు. ఆ పేరు నిలిచింది, మంచిదే. ఆ పేరున్న జిల్లాలో మాల మాదిగ పేటల ముసలమ్మలు ఏ నొప్పితో బతుకుతున్నారన్నది కూడా ఆ పేరుకి సంబంధించిన విషయమే అని నా అభిప్రాయం. ఎందుకో కింద చెబుతాను. ముందు జబ్బు సంగతి.

గుండె నించి కిందికి వచ్చే రక్తానికి గుండె తోపు వుంటుంది. కింద నించి పైకి పోయే రక్తానికి ఆ తోపు దాదాపు వుండదు. భూమి కిందికి లాగుతూనే వుంటుంది. పైకి పోవటానికి రెండు సాయాలున్నాయి. ఒకటి, సిరల లోపల వుండే కవాటాలు. కాలువ తూము తలుపుల్లాగా ఇవి రక్తాన్ని ఒక వైపుకే పోనిస్తాయి, వెనక్కి రానివ్వవు. రెండోది, పిక్కల కండరాలు. నడిచినప్పుడల్లా ఇవి బిగిసి సిరల్ని నొక్కి రక్తాన్ని పైకి తోస్తాయి. నడవకుండా నిలబడి వుంటే ఈ రెండో సాయం పోతుంది. కవాటాలు చెడితే మొదటిదీ పోతుంది. అప్పుడు రక్తం వెనక్కి జారి కింద నిలవుంటుంది.

ఇక కాన్పులు. కడుపుతో వున్నప్పుడు ఒంట్లో రక్తం దాదాపు సగం మేర పెరుగుతుంది. గర్భసంచి చుట్టూ వున్న సిరలూ, అండాశయాల నించి పైకి పోయే సిరలూ ఆ రక్తాన్ని మొయ్యటానికి ఎన్నో రెట్లు సాగుతాయి. హార్మోన్లు వాటి గోడల్ని మెత్తబరుస్తాయి. కాన్పయ్యాక చాలామందిలో అవి మళ్ళీ బిగుసుకుంటాయి. కొందరిలో బిగుసుకోవు. సాగిపోయిన సిరలో కవాటం రెక్కలు ఒకదాన్నొకటి అందుకోలేవు, తలుపు మూసుకోదు. కాన్పు మీద కాన్పు వస్తే ఈ అవకాశం పెరుగుతూ పోతుంది. ఈ జబ్బు ఎక్కువగా ఒకటి కంటే ఎక్కువసార్లు కన్న తల్లుల్లోనే కనబడటానికి కారణం అది. ఎడమవైపు ఎక్కువ. కుడి అండాశయ సిర నేరుగా పెద్ద సిరలో కలుస్తుంది. ఎడమది అలా కాదు, పైదాకా పోయి ఎడమ మూత్రపిండం సిరలో అడ్డంగా కలుస్తుంది. దారి పొడుగు, కలిసే చోట ఇరుకు. కొందరిలో ఆ మూత్రపిండం సిరే రెండు ధమనుల మధ్య నలుగుతుంది. ఇంకొందరిలో ఎడమ కాలి నించి వచ్చే పెద్ద సిర మీద కుడి వైపు పోయే ధమని ఎక్కి నొక్కుతుంది. ఈ రెండో రకాన్ని 1957లో మే, థర్నర్ అనే ఇద్దరు వైద్యులు వర్ణించారు, వాళ్ళ పేరుతోనే పిలుస్తున్నారు.

నొప్పి ఎలా వుంటుందంటే: పదునుగా వుండదు, బరువుగా, లాగినట్టు వుంటుంది. ఎక్కువసేపు నిలబడితే, బరువెత్తితే పెరుగుతుంది. రోజు గడిచేకొద్దీ పెరుగుతుంది. కాళ్ళు ఎత్తు మీద పెట్టుకు పడుకుంటే తగ్గుతుంది. ముట్టుకి ముందు ఎక్కువ. మొగుడితో పడుకున్న తర్వాత గంటల తరబడి, ఒక్కోసారి మర్నాటిదాకా వుంటుంది. ఈ చివరిది ఎవరూ ఎవరికీ చెప్పుకోరు. ఆ నొప్పి భయంతో దూరంగా వుంటే ఇంట్లో తన్నులు తినే వాళ్ళున్నారు. కొందరికి మర్మాంగం దగ్గర, పిరుదుల కింద, తొడల వెనక సిరలు ఉబ్బి కనబడతాయి. కాళ్ళలో ఉబ్బే సిరలు మామూలుగా తొడ లోపలివైపు, పిక్క మీద వస్తాయి. తొడ వెనక, పిరుదు దగ్గర వస్తే మూలం పైన కడుపులో వుందేమో చూడాలి.

ఇప్పుడు కోనసీమ పని సంగతి. ఇక్కడ కాలువ నీళ్ళతో సార్వా, దాళ్వా రెండు పంటలు. పంట రెండయితే ఊడ్పులూ రెండు. ఊడ్పులు ఆడవాళ్ళ పని, అందులో ఎక్కువ భాగం మన ఆడవాళ్ళ పని. ఊడ్పుల్లో కాలు కదులుతుంది కదా అనొచ్చు. కదులుతుంది, కానీ బురదలో, వంగి, అడుగులో అడుగుగా, వెనక్కి. దాన్ని నడక అనలేం. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి సార్వా వెయ్యలేదు. పత్రికలన్నీ రైతు కష్టం రాశాయి. ఆ ఊడ్పుల రోజులు పోయిన ఆడ కూలీల లెక్క ఎవరూ రాయలేదు. తర్వాత తర్వాత చేలు చెరువులయ్యాయి, వెదజల్లటం పెరిగింది, ఊడ్పులు తగ్గాయి. వయసులో వున్నవాళ్ళు రొయ్యల షెడ్లకి పోతున్నారు. అక్కడ తడి సిమెంటు గచ్చు మీద, ఐసు నీళ్ళ దగ్గర, బల్ల ముందు నిలబడి తలలు తీయటం, పొట్టు వలవటం. చేతులే కదులుతాయి, కాళ్ళు కదలవు. సిరల సంగతి తీసుకుంటే ఊడ్పు కంటే ఇదే చెడ్డది. కువైట్, మస్కట్‌లలో ఇళ్ళల్లో పనికి పోయి వచ్చినవాళ్ళదీ నిలబడే పనే, పొద్దున్నించి అర్ధరాత్రిదాకా.

పని వల్లే ఈ జబ్బు పుడుతుందని నేను అనటం లేదు. కాన్పులు సిరల్ని వదులు చేస్తాయి. నిలబడే పని ఆ వదులు సిరల్ని రోజూ నింపుతుంది. మధ్యలో దొరకాల్సిన విశ్రాంతి దొరకదు. ఎనిమిదో నెలదాకా చేలోకి దిగి, కాన్పయిన రెండో నెలలో మళ్ళీ దిగే మనిషికి సిర బిగుసుకునే వ్యవధి ఎక్కడుంది?

అంబేద్కర్ సంగతి ఇక్కడొస్తుంది. 1928 జూలైలో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి సహాయం బిల్లు మీద చర్చ జరిగింది. ఆయన బిల్లుని సమర్థించి మాట్లాడాడు. కాన్పుకి ముందూ తర్వాతా స్త్రీకి విశ్రాంతి దొరకటం దేశానికి అవసరమనీ, ఆమె పని వల్ల లాభం పొందే యజమాని ఆ ఖర్చులో భాగం మొయ్యాలనీ వాదించాడు. 1929లో బొంబాయిలో ఆ చట్టం వచ్చింది, ఫ్యాక్టరీ స్త్రీలకి. 1961 నాటి దేశవ్యాప్త ప్రసూతి చట్టం ఫ్యాక్టరీలకి, గనులకి, తోటలకి, పది మంది గానీ అంతకు మించి గానీ పనిచేసే షాపులకి. 2017లో దాన్ని సవరించి 26 వారాల సెలవు ఇచ్చారు. వీటిలో ఎక్కడా చేలో ఊడ్చే మనిషి లేదు. ఆమెకున్నది మొదటి కాన్పుకి వాయిదాల మీద వచ్చే 5000 రూపాయల కేంద్ర పథకం. ఊడ్పు కూలితో లెక్కేసుకుంటే అది ఎన్నాళ్ళ విశ్రాంతికి సరిపోతుందో ఎవరికి వారు చూసుకోవచ్చు. బొంబాయిలో ఆయన అడిగిన విశ్రాంతి ఆయన పేరున్న జిల్లా చేలల్లోకి ఇంకా రాలేదు.

వైద్యశాస్త్రం కూడా ఈ నొప్పిని త్వరగా ఏమీ ఒప్పుకోలేదు. 1857లోనే రిషే అనే ఫ్రెంచి వైద్యుడు కటి భాగం సిరలు ఉబ్బటం గురించి రాశాడు. 1949లో అమెరికాలో హోవర్డ్ టేలర్ అక్కడ రక్తం నిలవుండటానికీ నొప్పికీ సంబంధం వుందన్నాడు. కానీ దాని వెనక మానసిక ఒత్తిడి వుందన్నాడు. దాంతో చాలాకాలం ఇది మనసు జబ్బుల ఖాతాలో పడిపోయింది. 1984లో లండన్‌లో బియర్డ్, ఆయన సహచరులు మరో పని చేశారు. కారణం దొరకని కటి నొప్పితో వున్న స్త్రీల సిరల్లోకి రంగు మందు ఎక్కించి ఎక్స్‌రేలు తీశారు. ఎక్కువమందిలో సిరలు వెడల్పై, రక్తం మందగించి కనబడింది. అప్పటిదాకా కడుపులోకి గొట్టం పెట్టి చూసి "ఏమీ లేదు" అన్నవాళ్ళు వీళ్ళు. గొట్టం పెట్టి చూసేటప్పుడు మనిషిని తల కిందుగా వాల్చి, కడుపులోకి గాలి నింపుతారు. ఉబ్బిన సిరలు ఆ వాలుకీ ఆ ఒత్తిడికీ ఖాళీ అయిపోతాయి. జబ్బు కనబడకుండా పోయే భంగిమలో పెట్టి జబ్బు లేదన్నారన్నమాట. 1993లో ఆ సిరని లోపలినించే మూసేసే చికిత్స మొదటిసారి ప్రచురించారు. 2021లో అంతర్జాతీయ నిపుణుల బృందం ఒకటి ఈ జబ్బుల్ని 'కటి సిరల రుగ్మతలు' అనే పేరు కింద కొత్తగా వర్గీకరించింది. దీర్ఘకాలం కటి నొప్పితో వచ్చే స్త్రీలలో మూడో వంతు దాకా సిరల కారణం వుండొచ్చని వైద్య గ్రంథాల్లో అంచనాలున్నాయి.

మరి వయసు మళ్ళినవాళ్ళ సంగతి? మామూలుగా ముట్లుడిగాక ఈ నొప్పి తగ్గాలి. ఈస్ట్రోజన్ తగ్గితే సిరలు కుంచించుకుంటాయి. అందుకే వైద్య పుస్తకాలు దీన్ని కనే వయసు స్త్రీల జబ్బుగా రాస్తాయి. అదే ఒక అడ్డం అవుతోంది: యాభై అయిదేళ్ళ మనిషి చెబితే "ఈ వయసులో అది వుండదు" అనేస్తారు. వుంటుంది. ఎడమ కాలి పెద్ద సిర నలిగిపోయిన వాళ్ళకీ, మూత్రపిండం సిర దగ్గర అడ్డం వున్నవాళ్ళకీ హార్మోన్లు తగ్గినంత మాత్రాన అడ్డం తొలగదు. కాళ్ళలో సిరల జబ్బు ముదిరి వున్నవాళ్ళకి బరువూ లాగటమూ వుంటూనే వుంటాయి. అయితే రెండో వైపు కూడా చెప్పాలి. ముట్లుడిగాక కొత్తగా మొదలైన పొత్తికడుపు నొప్పిని సిరల మీదికి తోసేసి కూర్చోకూడదు. ముట్లుడిగాక మళ్ళీ రక్తం కనబడినా, కడుపు ఉబ్బుతున్నా, మనిషి చిక్కిపోతున్నా అండాశయం, గర్భసంచి, ముఖద్వారం కేన్సర్ల కోసం ముందు చూడాలి. గర్భసంచి జారటం వేరు, అది కూడా బరువులెత్తి, కాన్పుకి విశ్రాంతి లేక వచ్చేదే, అదీ నిలబడితే లాగుతుంది. చేత్తో పరీక్ష చేస్తే తెలుస్తుంది. ఒక్క కాలే హఠాత్తుగా వాచి నొప్పి పెడితే లోపలి సిరలో రక్తం గడ్డకట్టిందేమో, ఆ రోజే ఆసుపత్రికి పోవాలి.

ఇక్కడికి మన రాష్ట్రాల అసలు కథ వస్తుంది. పొత్తికడుపు నొప్పి అనగానే మనకి దొరికే మందు గర్భసంచి తీసెయ్యటం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నించి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3.3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.7, తెలంగాణలో 8.2. అంతకుముందు 2015-16 సర్వేలోనూ ఆంధ్రప్రదేశ్ 8.9. దేశంలో ఇలాంటి ఆపరేషన్లలో మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రుల్లో జరిగినవే. మెదక్ జిల్లా పల్లెల్లో చిన్న వయసులోనే గర్భసంచులు పోగొట్టుకున్న స్త్రీల గురించి డాక్టర్ కామేశ్వరి, డాక్టర్ ప్రకాశ్ వింజమూరి అధ్యయనం చేసి బయటపెట్టారు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఈ ఆపరేషన్‌కి డబ్బు కట్టటంతో విమర్శలు పెరిగాయి. చివరికి ప్రభుత్వం దాన్ని ప్రైవేటు నించి తప్పించి ప్రభుత్వ ఆసుపత్రులకి పరిమితం చెయ్యాల్సి వచ్చింది. "సంచికి పుండు పడింది, వుంచితే కేన్సరవుద్ది" అన్న ఒక్క మాటతో పుస్తె తాకట్టు పెట్టించగలిగారు. తెల్లబట్ట, నడుం నొప్పి, పొత్తికడుపు లాగటం, అన్నిటికీ అదే జవాబు.

సిరల నొప్పికి గర్భసంచి తీస్తే ఏమవుతుంది? కొందరికి తగ్గుతుంది. కానీ చెడిన సిర సంచిలో లేదు, దాని పక్కనించి మూత్రపిండందాకా పోతోంది. సంచి పోయినా ఆ సిర అక్కడే వుంటుంది. కాబట్టి కొందరికి నొప్పి అలాగే మిగులుతుంది. అండాశయాలు కూడా తీసేస్తే ముప్పయ్యేళ్ళకే ముట్లుడిగినట్టు, ఎముకలు గుల్లబారటం, గుండె జబ్బులు ముందుకొస్తాయి. ఎముక గుల్లబారిన మనిషికి నడుం నొప్పి వస్తే మళ్ళీ అదే ఆర్.ఎం.పి., అదే బలం ఇంజక్షను.

డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్ 5న తీర్పిచ్చింది. బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో పేద స్త్రీలకి, అందులోనూ దళిత, ఆదివాసీ, వెనకబడిన కులాల వాళ్ళకి అనవసరంగా చేసిన ఆపరేషన్ల మీద ఆ వ్యాజ్యం. అనవసర ఆపరేషన్లని అరికట్టటానికి కేంద్రం 2022లో తయారు చేసిన మార్గదర్శకాలని మూడు నెలల్లో అన్ని రాష్ట్రాలూ అమలు చెయ్యాలని కోర్టు చెప్పింది. వాటి ప్రకారం జిల్లా స్థాయిలో పర్యవేక్షణ కమిటీ వుండాలి. అమలాపురంలో కలెక్టరు ఆఫీసుకి వెళ్ళే మన సంఘాలు అడిగే కాగితాల్లో ఆ కమిటీ సమావేశాల నివేదికల్ని కూడా చేర్చుకోవచ్చు.

చికిత్సకి చాలా మెట్లున్నాయి, అన్నీ కత్తితో కూడినవి కావు. జబ్బు ఏదో తేలాక కొందరికి భయం పోవటమే సగం ఉపశమనం. మధ్యాహ్నం అరగంట కాళ్ళు ఎత్తు మీద పెట్టి పడుకోవటం, నిలబడే పనిలో గంటకోసారి నడవటం, మలబద్ధకం లేకుండా చూసుకోవటం ఉపయోగపడతాయి. బిగుతు మేజోళ్ళు వేసుకోమని రాస్తారు. కోనసీమ ఉక్కలో, చేలో మోకాలిలోతు నీళ్ళల్లో ఎవరు వేసుకోగలరో రాసినవాళ్ళకే తెలియాలి. ముట్లుడగని వాళ్ళకి కొన్ని నెలల పాటు ప్రొజెస్టిరాన్ రకం హార్మోను మాత్రలు ఇస్తారు, వాడినంతకాలం కొందరికి తగ్గుతుంది. ఇవేవీ పని చెయ్యకపోతే మెడ దగ్గరో గజ్జ దగ్గరో సిరలోంచి సన్నటి గొట్టం పంపి, చెడిన సిరలో తీగ చుట్టలు పెట్టి మూసేస్తారు. కడుపు కొయ్యరు. పదిమందిలో ఏడెనిమిదిమందికి ఉపశమనం వచ్చినట్టు నివేదికలున్నాయి, అయితే వాటిలో ఎక్కువ భాగం చికిత్స లేనివాళ్ళతో పోల్చి చూడకుండా చేసినవి, ఆ సంగతి గుర్తుంచుకోవాలి. నలిగిపోయిన పెద్ద సిరకయితే లోపల స్టెంటు వేస్తారు. ఇవి పెద్ద నగరాల పని. రాజోలు నించి ఒక మనిషి వెళ్ళి రావాలంటే తనకీ తోడు వచ్చినవాళ్ళకీ కూలి పోతుంది, చార్జీలవుతాయి. అందుకే మొదటి మెట్టు దగ్గర్లోనే సరిగ్గా పడాలి.

ఆ మొదటి మెట్టుకి కార్యకర్తలు, టీచర్లు, చదువుకున్న కూతుళ్ళు చెయ్యగలిగిన పని వుంది. ఊరి ఆశాతోనో ఏ.ఎన్.ఎం.తోనో కలిసి ఆమెని కూర్చోబెట్టి ఒక కాగితం మీద రాయాలి. నొప్పి ఎప్పటినించి, ఎన్నో కాన్పు తర్వాత, ఎన్ని కాన్పులు, రోజులో ఏ వేళ ఎక్కువ, పడుకుంటే తగ్గుతుందా, ఏ పని చేస్తుంది, ఎన్ని గంటలు నిలబడుతుంది, ముట్లు ఎప్పుడుడిగాయి, తర్వాత రక్తం కనబడిందా, సంచి తీశారా, తీస్తే అండాశయాలు వుంచారా. ఆపరేషన్ కాగితం వుంటే జత చెయ్యాలి. మొగుడితో పడుకున్న తర్వాత నొప్పి సంగతి ఆడవాళ్ళే, విడిగా అడగాలి. ఆసుపత్రిలో కాళ్ళ వెనక, పిరుదుల దగ్గర, మర్మాంగం దగ్గర నిలబెట్టి చూడమనాలి, పడుకోబెట్టి చూస్తే ఉబ్బిన సిర సర్దుకుంటుంది. కాకినాడ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రికి గానీ మరోచోటికి గానీ స్కానుకి రాస్తే మామూలు కడుపు స్కాను చాలదు, సిరల్లో రక్తం ఎటు పోతోందో చూపించే డాప్లర్ కావాలని డాక్టరుగారిని అడగాలి. అది కూడా వీలైతే సగం కూర్చోబెట్టి గానీ నిలబెట్టి గానీ, ముక్కమని చెప్పి తీయాలి. పొద్దున్నే పరగడుపున, రాత్రంతా పడుకుని లేచిన మనిషికి తీసిన స్కానులో "నార్మల్" అని వస్తే, ఆమె సాయంత్రం చెప్పిన మాటని కొట్టెయ్యటానికి ఆ కాగితం చాలదు.